వాడిపోయిన జొన్నలో ఆవులను వదలొచ్చా?

ప్రశ్న:
అందరికీ నమస్తే. మాది అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం దగ్గర పల్లె. మూడెకరాల్లో చెనక్కాయ (వేరుశనగ) వేసినాం, ఊడలు దిగే టైంలో వాన ఎగ్గొట్టింది. మఖ, పుబ్బ రెండు కార్తెలూ ఎండల్లోనే పోయాయి. మేతకని అరెకరా జొన్న చల్లితే మోకాలెత్తుకు వచ్చి ఆగిపోయింది, ఆకులు గొట్టాల్లా చుట్టుకున్నాయి. వారం కింద ఒక జల్లు పడింది, ఇప్పుడు మొదళ్ల నుంచి పచ్చగా పిలకలు లేస్తున్నాయి. ఇంట్లో రెండు ఆవులు, ఒక దూడ, పాతిక జీవాలు (గొర్రెలు, మేకలు). గడ్డివామి అడుగుకొచ్చింది. పొద్దున లేస్తే ఆవులు ఆ చేను వైపే చూసి అరుస్తున్నాయి. విప్పమంటారా?

జవాబు:
విప్పొద్దన్నా, దయచేసి విప్పొద్దు. నాలుగేళ్ల కింద మా పాలావు తాడు తెంచుకుని ఇలాంటి చేలోనే పడింది. కాసేపు మేసింది, అంతే. పావుగంటకు ఆయాసం, నోట్లో నురగ, కాళ్లు వణికి పక్కకు ఒరిగింది. డాక్టర్ వచ్చేసరికి అయిపోయింది. ఆ రోజు నాకు తెలిసుంటే బాగుండేది.

లేత జొన్నలో సైనైడ్ పుట్టించే పదార్థం ఉంటుంది. బెట్టకు వచ్చినప్పుడు, మళ్లీ తడి తగిలి పిలకలు వేసినప్పుడు అది ఎక్కువవుతుంది. మీ చేనిప్పుడు సరిగ్గా ఆ దశలోనే ఉంది. అంటే వాన పడినా ఇంకొన్నాళ్లు భయం పోదు. పూత దశ దాటాకే పచ్చిగా కోసి వేయండి. ఆగలేకపోతే కోసి బాగా ఎండబెట్టండి, చాలావరకు విషం తగ్గుతుంది. సగం వాడిపోయింది మాత్రం వద్దు. ఆ చేనికి యూరియా ఎక్కువ చల్లి ఉంటే ఎండబెట్టినా నమ్మొద్దు, నైట్రేటు ఎండితే పోదు.

ప్రశ్న:
యూరియా చల్లలేదు. మరి అంతవరకు ఏం వేయాలి? చెనక్కాయ కట్టె (కాయలు తీశాక మిగిలే ఎండు తీగ) కూడా కొంచమే వచ్చేట్టుంది.

జవాబు:
కట్టె దాచి దూడకు, పాలిచ్చే ఆవుకు వేయండి, దాంట్లో బలం ఉంది. మిగతాదానికి వరిగడ్డి కొని యూరియాతో మాగేయండి. వంద కిలోల గడ్డికి 4 కిలోల యూరియా, 50 లీటర్ల నీళ్లలో పూర్తిగా కరిగించి పొరపొరకూ చల్లి, తొక్కి, గాలి చొరకుండా పట్ట కప్పి 21 రోజులు ఉంచాలి. వేసే ముందు కాసేపు ఆరబెట్టాలి, ఘాటు పోతుంది. ఆరు నెలల లోపు దూడకు వద్దు. యూరియా నీళ్ల బకెట్ పశువుకు అందే చోట పెట్టొద్దు, తాగితే ప్రాణమే పోతుంది.

ఇంకో మాట, జీవాలకు చిటుక రోగం టీకా వేయించారా? వాన పడి లేత గడ్డి మొలిచాక ఆబగా మేసిన పిల్లలే ముందు పోతాయి. వేయించకపోతే రేపే పశువుల ఆసుపత్రికి వెళ్లండి. ఒకవేళ ఆవు జొన్నలో పడితే వెంటనే పశువుల అంబులెన్స్ నంబరు 1962కి ఫోన్ చేయండి, విరుగుడు ఇంజక్షన్ ఉంది, అది పడాల్సింది నిమిషాల మీదే.

ప్రశ్న:
టీకా వేయించలేదన్నా, పొద్దున్నే వెళ్తాను. ఆవులను ఇప్పుడే కొట్టంలో కట్టేసి, చేను చుట్టూ కంప వేయించాను.