గోళ్లు తీయబోతే గుర్రుమంటోంది, బలవంతపెట్టకుండా ఎలా?

బెజవాడ_బొచ్చుపిల్ల: మా షిట్జూ కుక్కకి మూడేళ్లు. పార్లర్‌లో మూతికి గుడ్డ మజిల్ కట్టి, ఇద్దరు అదిమి పట్టుకుని గోళ్లు తీశారు. అప్పట్నుంచి కట్టర్ కనిపిస్తే మంచం కిందకి దూరుతోంది, పాదం ముట్టుకుంటే గుర్రుమంటోంది. గోళ్లన్నీ నలుపే. చెవుల వెనక బొచ్చు ఉండలు కట్టింది. ఇంట్లో చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

స్పిట్జ్_తాత: రెండు నిమిషాల పని. టవల్‌లో చుట్టి కానిచ్చేయండి. జాలిపడేకొద్దీ అలుసవుతుంది.

చల్లగా_గ్రూమర్: అలుసు కాదండీ, భయం. గుర్రుమన్నందుకు తిడితే గుర్రుమనడం మానేస్తుంది గానీ భయం పోదు, ఈసారి చెప్పకుండానే కరుస్తుంది. గుర్రుమనేలోపే చాలా చెబుతుంది: మూతి నాక్కుంటుంది, నిద్ర రాకపోయినా ఆవలిస్తుంది, తల పక్కకి తిప్పి కంటి తెల్లగుడ్డు కనపడేలా ఓరగా చూస్తుంది. ఒళ్లు బిగుసుకుపోయి కదలకుండా ఉంటే మనం బుద్ధిమంతురాలు అనుకుంటాం! ఉడికించిన చికెన్ కూడా వద్దంటోందంటే ఆరోజుకి ఆపేయాల్సిందే.

పాత కట్టర్, పాత చోటు రెండూ మార్చండి. కొత్త కట్టర్ దూరంగా చూపించండి, వెంటనే ఉప్పు, ఉల్లి లేని చికెన్ ముక్క ఇవ్వండి. ముందు కట్టర్, తర్వాతే చికెన్. ఈ వరస తిరగబడితే చికెన్ చూసినా అనుమానపడుతుంది. తర్వాత పీట మీద మడతపెట్టిన టవల్ వేసి, దాని మీద గడ్డం ఆనించడం నేర్పండి. గడ్డం ఆనినంతసేపే మీ చెయ్యి పాదం మీద, ఎత్తిందా, చెయ్యి తీసేయాలి. కుక్కల ట్రైనర్ చిరాగ్ పటేల్ 'బకెట్ గేమ్' కూడా ఇదే సూత్రం: కుక్క తిండి డబ్బాని చూస్తున్నంతసేపే పని, చూపు తిప్పితే ఆపడం. ప్రతిసారీ రెండు మూడు నిమిషాలు చాలు. రోజుకి ఒక్క గోరు తీసినా నష్టం లేదు.

గోరు_గీటు: నల్లగోళ్లకి ఒక్కో కోత మిల్లీమీటరు మించొద్దు. ప్రతి కోత తర్వాత కోసిన ముఖం చూడండి. పొడిగా, సుద్దలా ఉన్నంతవరకు ఫర్వాలేదు. మధ్యలో తడిగా ముదురు చుక్క కనపడితే ఆగిపోవాలి, దాని వెనకే నరం, రక్తం ఉన్న క్విక్. వారం పది రోజులకోసారి కొంచెం కొంచెం తీస్తుంటే క్విక్ కూడా వెనక్కి జరుగుతుంది. మొండి బ్లేడు గోటిని కోయదు, నలుపుతుంది. నొప్పి సగం అక్కడే. కాలిని పక్కకి లాగొద్దు, ఒంటి కిందే ఉంచి వెనక్కి మడవండి. రక్తం వస్తే దాన్ని ఆపే స్టిప్టిక్ పౌడర్, అది లేకపోతే కార్న్‌ఫ్లోర్ అద్ది రెండు నిమిషాలు నొక్కి ఉంచండి, మధ్యలో తీసి చూడొద్దు. పైకి ఉండే బొటనగోరు నేలకి అరగదు, మర్చిపోకండి.

కట్టర్ బదులు గోళ్లు అరగదీసే గ్రైండర్ వాడితే పాదానికి పాత సాక్సు తొడిగి, గోళ్లు మాత్రం బయటకి పొడుచుకొచ్చేలా చేయండి. లేదంటే పొడవాటి బొచ్చు తిరిగే కడ్డీకి చుట్టుకుంటుంది.

చల్లగా_గ్రూమర్: ఉండల సంగతి: ముందు స్నానం చేయించొద్దు, తడిస్తే ఇంకా బిగుస్తాయి. కత్తెర అసలు వద్దు, ఉండలోకి చర్మం లాక్కొచ్చి ఉంటుంది, తెగుతుంది. చర్మానికి ఆనుకుని రెండు వేళ్లతో మొదలు పట్టుకుని చివర్నుంచి దువ్వెన. లాగుడు చర్మం దాకా పోదు. రాకపోతే ట్రిమ్మర్‌కి 10వ నంబర్ బ్లేడు పెట్టి అడుగు నుంచి తీసేయడమే. బొచ్చు మళ్లీ వస్తుంది. బ్లేడు వేడి మణికట్టు లోపలివైపు తాకించి చూస్తుండండి.

బెజవాడ_బొచ్చుపిల్ల: ఒక గోరు వంకర తిరిగి పాదం కింది మెత్తకి గుచ్చుకుంటోందండీ. నేర్పేదాకా ఆగలేం కదా?

గోరు_గీటు: ఆగొద్దు, అది వెట్ దగ్గరే తీయించండి. బయల్దేరే ముందు ఇంట్లో వేసే, భయం తగ్గించే గాబాపెంటిన్, ట్రాజోడోన్ లాంటి మందులున్నాయి, డోసు డాక్టరే చెప్పాలి. ఏస్‌ప్రోమజిన్ ఒక్కటే ఇస్తామంటే ఇంకేదైనా ఉందా అని అడగండి. అది ఒంటిని మత్తులో ఉంచుతుంది గానీ భయాన్ని తగ్గించదు. గుడ్డ మజిల్ మాత్రం వద్దు. నోరు తెరిచి రొప్పలేదు, మన ఎండలకి చప్పిడి ముక్కు కుక్కకి అదే ప్రమాదం. బుట్టలాంటి జాలీ మజిల్‌ని, లోపల పెరుగు పూసి, దానంతటదే మూతి పెట్టేలా ఇప్పట్నుంచే అలవాటు చేయండి.