అప్‌డేట్: గిటార్ బాడీ మీద తెల్లబడిన లక్కర్ బాగైంది

మహోగని బాడీకి ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) లక్కర్, అంటే త్వరగా ఆరే మెరుపు పూత, కొడితే పాలు కలిపినట్టు తెల్లబడుతోందని అడిగాను కదా. జవాబులిచ్చిన అందరికీ ధన్యవాదాలు, ఆ తెలుపు పూర్తిగా పోయింది.

కారణం తేమే. లక్కర్‌ను పల్చన చేసే థిన్నర్ గబగబా ఆవిరవుతూ పైపొరను చల్లబరుస్తుంది. వానాకాలం హైదరాబాద్ గాలిలోని తేమ ఆ చల్లని పొర మీద పట్టి, లోపలే ఇరుక్కుపోతుంది.

గీకి మళ్లీ మొదలుపెట్టాల్సిన పనే లేదు. రిటార్డర్ (ఆరడాన్ని నెమ్మదింపజేసే ద్రావకం) కలిపిన థిన్నర్‌ను పల్చగా ఒక్క చేయి స్ప్రే చేస్తే చాలు. పొర మళ్లీ కరుగుతుంది, తేమ మెల్లగా బయటికి పోతుంది, చూస్తుండగానే కింద చెక్క గీతలు తేటపడతాయి. కొత్త కోట్లకు థిన్నర్‌లో రిటార్డర్ 5 నుంచి 10 శాతం. అంతకు మించితే పొర రోజుల తరబడి మెత్తగానే ఉండి వేలిముద్రలు పడతాయి. రాణిగంజ్ వైపు పెయింట్ షాపుల్లో అడగండి.

గాలిలో తేమ చూపే హైగ్రోమీటర్ 65 శాతం దాటితే స్ప్రే గన్ ముట్టుకోవద్దు. పొద్దున కంటే ఎండ కాసే మధ్యాహ్నం మేలు. కంప్రెసర్ ట్యాంకులో నీళ్లు ముందే వదిలేయండి, గొట్టానికి వాటర్ ట్రాప్ (గాలిలోని నీటిని ఆపేది) తప్పనిసరి. థిన్నర్ ఆవిరిని ఆపే ఆర్గానిక్ వేపర్ మాస్క్ పెట్టుకోండి, దగ్గర్లో మంట ఉండకూడదు.

పాలిష్‌కు మూడు నాలుగు వారాలు ఆగాలి. తర్వాత 1000, 1500, 2000 నంబర్ల వాటర్ పేపర్ (నీళ్లతో రుద్దే గరుకు కాగితం) వరుసగా. స్క్రూ రంధ్రాల చుట్టూ మాత్రం నీళ్లు వాడకండి, చెక్క ఉబ్బి లక్కర్ చిట్లుతుంది. అంచుల్లో పొర పల్చన, అక్కడ 1500తోనే మొదలుపెట్టండి.