2003లో నడిచిన దారిలో మళ్లీ నడిచాను: రాజమండ్రి గోదావరి గట్టు బాగుపడిందా, పాడైందా?

పాతబ్రిడ్జి:
2003 పుష్కరాలు అయిన నెలకి, అప్పటికి నాకింకా ఉద్యోగం రాలేదు, మా నాన్నతో గోదావరి స్టేషన్ దగ్గర మొదలుపెట్టి పాత బ్రిడ్జి కింద నుంచి పుష్కర్ రేవు, మార్కండేయస్వామి గుడి, కోటగుమ్మం మీదుగా మెయిన్ రోడ్డు దాకా నడిచాను. మొన్న సంక్రాంతికి ఊరొచ్చి అదే దారిలో ఒక్కణ్ణే నడిచాను. చాలా బాధేసింది. రేవులో నేనెరిగిన మెట్టు ఒక్కటీ లేదు. 1900 నుంచి 1997 దాకా రైళ్లు మోసిన ఆ పాత బ్రిడ్జి, అదే హేవ్‌లాక్ వంతెన, తుప్పు పట్టి అలాగే నిలబడి ఉంది. కోటగుమ్మంలో గుమ్మం లేదు, పేరే మిగిలింది. ఊరికి రాజమహేంద్రవరం అని పాత పేరు తెచ్చి పెట్టారు గానీ పాత గుర్తులు మాత్రం ఒక్కొక్కటే తుడిచేస్తున్నారు. మీరేమంటారు?

గట్టుమీద_నేను:
కోటగుమ్మంలో 2003లో మాత్రం గుమ్మం ఉందా అండీ? నేను పుట్టింది ఇక్కడే, 51 ఏళ్లు, నేనైతే ఎప్పుడూ చూడలేదు. మీ నాన్నగారితో నడిచినప్పుడు ఉన్నట్టూ ఇప్పుడు లేనట్టూ రాశారు. ముందు అది సరిచేయండి, తర్వాత మాట్లాడుకుందాం.

పాతబ్రిడ్జి:
నేనన్నది అది కాదండీ. పేరు మిగిలి వస్తువు పోవడం గురించి రాశాను. అప్పుడూ గుమ్మం లేదు, ఒప్పుకుంటాను. కానీ ఇక్కడ కోట ఉండేదని, అందుకే ఈ పేరని చెప్పే పెద్దవాళ్లు అప్పుడు దారిలో కనబడేవారు.

గట్టుమీద_నేను:
అంటే లేదు. మరి "తుడిచేస్తున్నారు" అని ఎలా రాస్తారు? కందుకూరి వీరేశలింగం గారిల్లు అలాగే కాపాడారు కదా, చూశారా? 1881లో ఆయన తెలుగునాట మొదటి వితంతు వివాహం జరిపించిన ఊరు ఇది. దామెర్ల రామారావు గారి చిత్రశాల ఉంది. అవేవీ మీ నడకలో లేవు. మీకు నచ్చని నాలుగు చోట్లకి వెళ్లి ఊరంతా పోయిందంటే ఎలా?

కొవ్వూరు_ఆవలిగట్టు:
మా వైపు నుంచి చూస్తే పాత బ్రిడ్జి ఇప్పటికీ అందమే. 56 కమానులు.

దానవాయిపేట_కుర్రాడు:
కమానులు కాదు, స్పాన్‌లు, అంటే స్తంభానికీ స్తంభానికీ మధ్య భాగాలు. కమానులున్నది ఆర్చ్ బ్రిడ్జికి.

కొవ్వూరు_ఆవలిగట్టు:
మా ఇంట్లో అందరం కమానులనే అంటాం.

దానవాయిపేట_కుర్రాడు:
అంటే సరైపోదు కదా. పాతది ఇనప గడ్డర్లు, రాతి స్తంభాలు. 1974లో వచ్చింది రోడ్ కం రైలు బ్రిడ్జి. 1997లో వచ్చింది ఆర్చ్ బ్రిడ్జి, అది రాబట్టే పాతదాని మీద రైళ్లు ఆపేశారు. ఈ మూడింటినీ కలిపేస్తే చర్చ ఎటో పోతుంది.

ఇన్నీసుపేట_అక్క:
కమానుల సంగతి వదిలేయండి బాబూ. మెట్లు మార్చడం తప్పన్నట్టు రాశారు, దానికి చెబుతున్నాను. పాత మెట్లు ఎంత జారేవో నాకు తెలుసు. మా అమ్మ కార్తీకంలో దీపం వదలడానికి దిగితే నేను వెనక నుంచి చీర కుచ్చిళ్లు ఒక చేత్తో, ఆవిడ మోచెయ్యి ఒక చేత్తో పట్టుకునేదాన్ని. ఇప్పుడు 78 ఏళ్ల వయసులో రాడ్డు పట్టుకుని తనే దిగుతుంది. సాయంత్రం హారతి చూసి తనే పైకొస్తుంది. మీకు పోయింది జ్ఞాపకం, మాకు వచ్చింది ఆసరా.

పాతబ్రిడ్జి:
అక్కా, రాడ్డు పెట్టొద్దని నేనెక్కడన్నాను? పాత మెట్లు ఉంచి కూడా రాడ్డు పెట్టొచ్చు. అసలు ఎవరినీ అడక్కుండా, ఏది ఉంచాలో ఏది తీయాలో ఆలోచించకుండా పుష్కరాలొస్తున్నాయి అనగానే పొక్లెయిన్ దించేయడమేనా? 2015కి ముందు అదే జరిగింది. మళ్లీ 2027 వస్తోంది, మళ్లీ తవ్వుతారు.

గట్టుమీద_నేను:
ఎవరినీ అడక్కుండానా? మీరెక్కడున్నారు అడగడానికి? 2004లో ఇల్లమ్మేసి వెళ్లిపోయారు, ఇంకో చర్చలో మీరే రాశారు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు మా అరుగు పోయింది, ముందు గది సగం పోయింది, ఇచ్చిన డబ్బు మిగిలిన సగానికి గోడ కట్టడానికే సరిపోలేదు. అయినా ఈ ఊళ్లోనే ఉన్నాను. పండక్కి వచ్చి గంట నడిచి, "అయ్యో, నా ఊరు" అని రాసేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది. మీకు ఊరు ఫొటోలా అలాగే ఉండాలి. మేం అందులో బతకాలి.

దానవాయిపేట_కుర్రాడు:
ఇది మరీ ఎక్కువండీ. ఊరు వదిలినవాళ్లకి మాట్లాడే హక్కు లేదా?

పాతబ్రిడ్జి:
ఇల్లమ్మింది ఎందుకో మీకు తెలియదు. నాన్న జబ్బుకి అమ్మాం. ఆయన పోయాక అస్థికలు పుష్కర్ రేవులోనే కలిపాను. రోజూ సాయంత్రం డ్యూటీ దిగి ఒకే మెట్టు మీద కూర్చునేవారు, కింద నుంచి ఆరోది, అంచు విరిగి ఉండేది, అక్కడ చెప్పులు పెట్టేవారు. పైన రైలు వెళ్తుంటే కిటికీల్లోంచి జనం గోదారమ్మకి చిల్లర వేసేవారు. పిల్లలు తాడుకి అయస్కాంతం కట్టి నీళ్లలో ఈడ్చేవాళ్లు, ఒక్క బిళ్ల అంటుకున్నా కేకలు వేసేవాళ్లు. నాన్న వాళ్లని చూస్తూ కూర్చునేవారు. మొన్న ఆ మెట్టు కోసమే వెళ్లాను. మీరన్నట్టే గంట నడిచాను, కనబడలేదు. అందుకే రాశాను.

ఇన్నీసుపేట_అక్క:
తమ్ముడూ, ముందే ఇది రాసి ఉంటే నేనలా అనేదాన్ని కాదు.
కానీ నా మాట కూడా విను. 2015 జూలై 14న, పుష్కరాల మొదటి రోజు, ఆ రేవులోనే తొక్కిసలాటలో 20 మందికి పైగా పోయారు. నేను ఆ ఉదయం అక్కడే ఉన్నాను. మా పిన్ని చెయ్యి వదిలేశాను, రెండు గంటల తర్వాత దొరికింది, ప్రాణంతోనే. ఆ రోజు నుంచి నాకు రేవు అంటే మెట్టు కాదు, బయటికి దారి ఎటు అన్నదే. ఎంత వెడల్పు చేసినా నాకు చాలదు.

గట్టుమీద_నేను:
ఇంటి మాట అనకుండా ఉండాల్సింది. క్షమించండి.
నా కోపం అసలు మీ మీద కాదు. 12 ఏళ్లకోసారి, 12 రోజులు వచ్చేవాళ్ల కోసం ఈ ఊరిని తవ్వి కడతారు. మిగతా రోజులు ఉండేది మేము. రేవుకి లైట్లు వచ్చాయి, నల్లా ఛానల్ కాలువ మురుగు మాత్రం గోదాట్లోకే పోతోంది. మీరు మెట్టు పోయిందన్నారు, అక్క రాడ్డు వచ్చిందంది, నీళ్ల గురించి ఎవరూ అనలేదు. మా నాన్న ఆ నీళ్లు దోసిట్లో తీసుకుని తాగేవాడు. నేను మా మనవడి కాళ్లు కూడా తడపనివ్వను.

పాతబ్రిడ్జి:
నేను నడిచినప్పుడు వాసన వచ్చింది. రాయలేదు. మెట్ల కోసమే వెతికాను.

కొవ్వూరు_ఆవలిగట్టు:
పాత బ్రిడ్జిని పర్యాటకానికి మారుస్తామని 2025 జూన్‌లో అఖండ గోదావరి పేరుతో శంకుస్థాపన చేశారు కదా. దాని మీద నడవనిస్తే మా వైపు నుంచి మీ వైపుకి నడిచొస్తాను.

గట్టుమీద_నేను:
నడవనిస్తే మంచిదే. టికెట్ పెట్టి ఊళ్లోవాళ్లని కూడా గేటు దగ్గర ఆపితే మాత్రం నేనొప్పుకోను.

దానవాయిపేట_కుర్రాడు:
టికెట్ లేకపోతే నిర్వహణకి డబ్బెక్కడిది? 2.7 కిలోమీటర్ల ఇనుము. రంగు వేయడానికే ఎంతవుతుందో ఆలోచించండి.

గట్టుమీద_నేను:
97 ఏళ్లు రైళ్లు నడిపినప్పుడు వేయలేదా రంగు?

ఇన్నీసుపేట_అక్క:
పాతబ్రిడ్జి తమ్ముడూ, మీ నాన్నగారు కూర్చునేది మెట్లు దిగుతుంటే ఏ వైపు? బ్రిడ్జి వైపా, గుడి వైపా? మా అమ్మ రోజూ వెళ్తుంది, ఆ రోజుల్లో చెప్పులు పక్కన పెట్టుకుని కూర్చునే ఒకాయన గుర్తున్నాడంటోంది.

పాతబ్రిడ్జి:
బ్రిడ్జి వైపు అక్కా.