వెంట్రుక కుదుళ్లలోని మూలకణాలు: ఎముక మజ్జకు బదులా, ఒట్టి హడావుడా?

వేరుపిలక: మూలకణాలు, అంటే కొత్త కణాలను పుట్టించే తల్లికణాలు కావాలంటే మజ్జ కోసం తుంటి ఎముకలోకి సూది దించాల్సిందేనా? నెత్తి మీద లక్ష దాకా కుదుళ్లున్నాయి. ప్రతి కుదురులో నూనె గ్రంథికి కాస్త కింద ‘బల్జ్’ అనే భాగం ఉంటుంది. నిదానంగా విభజన చెందే మూలకణాలు అక్కడే ఉంటాయని చర్మ పరిశోధకుడు కొట్సారెలిస్ బృందం 1990లోనే ఎలుకల్లో చూపించింది. నాలుగు వెంట్రుకలు పీకితే సరిపోయే పనికి ఇంత యాతన ఎందుకో!

సందేహాలరావు: ఆ కణాల పనేమిటో చూడండి ముందు. మజ్జలోవి రక్తాన్ని పుట్టిస్తాయి. కుదురులోవి వెంట్రుకను, గాయమైతే పైచర్మాన్ని పుట్టిస్తాయి. రక్తక్యాన్సర్ రోగికి వెంట్రుకలు పీకి ఇస్తామా? పైగా పీకినప్పుడు అడుగునుండి వెంట్రుకను పెరగమని పురిగొల్పే కణాల ముద్ద (డెర్మల్ పాపిల్లా) సాధారణంగా లోపలే ఉండిపోతుంది, బల్జ్ కూడా పూర్తిగా ఊడి రాదు. మళ్లీ మొలిచేది అందుకే.

వేరుపిలక: మరి 2008లో బార్సిలోనా శాస్త్రవేత్తలు పీకిన ఒక్క వెంట్రుకతో ఐపీఎస్ కణాలు, అంటే ఏ రకం కణంగానైనా మారగల కణాలు తయారుచేశారు కదండీ. వాటిని గుండె కణాలుగా, నరాల కణాలుగా మార్చుకోవచ్చు.

చివరిబెంచి: తికమకంతా ఇక్కడే. అది కుదురు మూలకణాల ఘనత కాదు. వేరుకు అంటుకొచ్చిన కెరటినోసైట్లలోకి (మామూలు పైచర్మ కణాల్లోకి) జన్యువులు ఎక్కించి వాటిని పిండదశ కణాల్లాంటి స్థితికి వెనక్కి తిప్పారు. మనిషి చర్మకణాలతో జపాన్ శాస్త్రవేత్త యమనాకా 2007లోనే ఆ పని చేశారు. రక్తకణాలతోనూ చెయ్యొచ్చు. ఇక్కడ వెంట్రుక ముడిసరుకు, అంతే.

కుదురు అసలు బలం చర్మం దగ్గరే ఉంది. పీకిన వెంట్రుకల వేరు తొడుగు కణాలను ల్యాబులో పొరలా పెంచి, ఎంతకీ మానని కాలి పుండ్ల మీద వేశారు. రోగి సొంత కణాలే కాబట్టి శరీరం తిప్పికొడుతుందన్న టెన్షన్ లేదు. కుదుళ్లలో రంగునిచ్చే కణాలూ ఉంటాయి. వాటిని బొల్లి మచ్చల మీదికి మార్చే చికిత్స మనుషుల్లోనే జరుగుతోంది. ఇంత పని జరుగుతుంటే గుండె, మెదడు అంటూ ఎగరడం దేనికి?

సందేహాలరావు: ఇది ఒప్పుకోదగ్గ మాట. కానీ ‘బట్టతల రాకముందే కుదుళ్లు తీయించి దాచుకోండి’ అనే ప్రచారం సంగతేంటి? 2011లో వచ్చిన ఒక పరిశోధనలో బట్టతల చర్మంలోనూ మూలకణాల సంఖ్య తగ్గలేదని తేలింది. వాటి నుంచి పుట్టాల్సిన తర్వాతి తరం కణాలే తగ్గాయట. సరుకుంది, పని ఆగింది. దాచుకుంటే ఆగిన పని మొదలవుతుందా?

వేరుపిలక: బట్టతల వదిలేయండి. కుదురు కణాలతో ఎలుకల్లో తెగిన కాలి నరాన్ని అతికించారు. దానికేమంటారు?

చివరిబెంచి: ఎలుకల్లో అంటాను.