కల్తీ కల్లు పట్టడానికి యాంటీబాడీ కావాలా, అచ్చు పాలిమర్ చాలా?

పాలమూరు కెమిస్ట్రీ:
మా మేనమామ రోజూ తాగే కల్లు దుకాణం మూతపడిన మూడో రోజే ఆయనకు ఫిట్స్ వచ్చాయి. ఆయన అలవాటు పడింది కల్లుకు కాదు, అందులో కలిపిన మత్తుమందుకు. అందుకే ఈ ప్రశ్న పెడుతున్నాను. ఊళ్లోనే కల్లును పరీక్షించడానికి యాంటీబాడీ (ఒక్కో అణువును గుర్తుపట్టి అంటుకునే ప్రొటీన్) స్ట్రిప్పులే ఎందుకు? అచ్చు పాలిమర్ చాలదా?

అచ్చు పాలిమర్ ఇలా తయారవుతుంది: మత్తుమందు అణువు చుట్టూ మెథాక్రిలిక్ ఆమ్లం లాంటి మోనోమర్లను (గొలుసుగా కలిసే చిన్న అణువులను) చేర్చి పాలిమర్‌గా గట్టిపరుస్తారు. తర్వాత ఆ అణువును కడిగేస్తే దాని ఆకారంలో గుంట మిగులుతుంది. మళ్లీ అదే మందు వస్తే ఆ గుంటలో కూర్చుంటుంది. 1993లో స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయంలో క్లాస్ మోస్బాక్ బృందం సీరంలో (రక్తంలోని ద్రవభాగంలో) థియోఫిలిన్ అనే ఉబ్బసం మందును, డయజెపామ్‌ను ఇలాగే కొలిచింది. మన దగ్గర డైజోఫాం పేరుతో పట్టుబడేది ఆ డయజెపామే! ఈ పాలిమర్‌కు ఫ్రిజ్ అక్కర్లేదు, మన మే నెల ఎండకూ చెడిపోదు.

దేవరకొండ విద్యార్థి:
అన్నా, మా నీళ్లలో ఫ్లోరైడ్‌కు కూడా పనికొస్తుందా?

నల్లగొండ ల్యాబ్ అక్క:
తమ్ముడూ, ఫ్లోరైడ్ చాలా చిన్న అయాన్. దాన్ని కొలిచే ఎలక్ట్రోడ్ ఉంది, అది చాలు.

కల్లు విషయంలో మాత్రం నాకు భయం ఉంది. 1993 పరీక్షలో మందును సీరం నుంచి సేంద్రియ ద్రావకంలోకి తీశాకే గుంట దాన్ని పట్టుకుంది. కల్లులో ఉండేది ఎక్కువగా నీళ్లే. అణువును గుంటలో నిలిపే హైడ్రోజన్ బంధాలను నీళ్లు బలహీనపరుస్తాయి. ఇంకో సంగతి, ఎంత కడిగినా అచ్చు వేసిన మందు కొంత లోపలే ఉండి, తర్వాత మెల్లగా కారుతుంది. అంటే పరీక్ష సామానే డయజెపామ్‌ను బయటపెడుతుంది. చెట్టు కల్లు అమ్ముకునే గీత కార్మికుడి లైసెన్సు దానివల్ల పోతే ఎవరు జవాబు చెప్తారు? పైగా క్లోరల్ హైడ్రేట్ అనే వేరే మత్తుమందు కలిపితే డయజెపామ్ గుంటకు అది దొరకదు. ‘ఏమీ లేదు’ అని వస్తుంది, జనం నమ్మి తాగుతారు.

పాలమూరు కెమిస్ట్రీ:
మేడమ్, క్లోరల్ హైడ్రేట్ మాట ఒప్పుకుంటాను. కానీ అది యాంటీబాడీకీ దొరకదు కదా. కారడానికి మాత్రం దారి ఉంది. మందును గాజు పూసలకు అంటించి, వాటి మీద నానో పాలిమర్ కణాలను పెంచుతున్నారు. కణాలు ఊడి వస్తాయి, మందు పూసల మీదే ఉండిపోతుంది. అలాంటి కణాలు నీళ్లలోనూ పనిచేస్తున్నాయి.

నల్లగొండ ల్యాబ్ అక్క:
అలాగైనా తీర్పు దాని చేతికి ఇవ్వను. కల్లులోని చక్కెరలు, ఆమ్లాల మధ్య నుంచి మందును వేరుచేసి ఒకచోట చేర్చడానికి వాడదాం. ఆ పనికి డయజెపామ్‌ను పోలిన వేరే అణువుతో అచ్చు వేస్తే, కారినా గుర్తుపట్టవచ్చు. కేసు పెట్టేది మాత్రం అణువులను వేరుచేసి బరువును బట్టి గుర్తుపట్టే ఎల్‌సీ-ఎంఎస్ యంత్రం చెప్పాకే.

మీరు నిజంగా మొదలుపెడితే ముందు చెట్టు కింద దింపిన ఈతకల్లు, తాటికల్లు తీసుకోండి. పొద్దున ఒకసారి, సాయంత్రం పులిశాక ఒకసారి పరీక్షించండి. ఏ మందూ లేని ఆ లొట్టి రెండుసార్లూ ‘లేదు’ అనే చూపించాలి. ఆ ఫలితం ఇక్కడ పెట్టండి, మాట్లాడుకుందాం.