మా ఊరి ఆఖరి చుట్టిల్లు నిలబెట్టాలంటే ఏటి చెయ్యాలి?

వంశధార_గట్టు:
అందరికీ నమస్కారం. మాది టెక్కలి దగ్గర పల్లెటూరు. మా తాతయ్య వాళ్ల చుట్టిల్లు, అదే గుండ్రటి గోడల తాటాకిల్లు, ఇంకా ఉంది, ఊర్లో మిగిలింది అదొక్కటే. నాన్నమ్మ పోయాక రెండేళ్లుగా తాళం వేసే ఉంచాం, మొన్న దసరాకి వెళ్లి తీసి చూస్తే చూరు దగ్గర తాటాకు కుళ్లిపోయి, వాసాల్లోంచి చెద మట్టి రాలతంది. బాబాయి కూల్చేసి రేకుల షెడ్డు వేద్దామంటన్నాడు, నాకు మనసొప్పట్లేదు. లోపల తిరగలి, కుంచం, ఉట్టి, గాదె అన్నీ ఉన్నాయి, ఇంకో నాలుగిళ్ల వాళ్లు కావిడి, నీళ్లు తోడే ఏతాం దూలం ఇస్తామన్నారు. ఊరి పాత బతుకు చూపించేలా అక్కడే ఒక మ్యూజియం పెట్టాలని ఉంది. ఎక్కడ మొదలెట్టాలి?

కళింగతీరం:
తమ్ముడూ, ముందు ఆ తాళం తీసెయ్. పొయ్యి ఆరిపోతే చుట్టిల్లు ఆగదు. రోజూ వంట పొగ తగిలితేనే తాటాకుకి, వాసాలకి పురుగు దూరంగా ఉంటది. మా అమ్మమ్మ ఇంట్లో వాసాలు పొగచూరి, నూనె రాసినట్టు నల్లగా మెరిసేవి, గోరుతో గీకినా దిగేది కాదు. ఎవరినన్నా అందులో ఉండమను, కుదరకపోతే వారానికి రెండుసార్లయినా పొయ్యి వెలిగించి నేల అలికించు. రేకు మాత్రం వద్దు. గుండ్రటి గోడ, కిందకి దిగిన చూరు కాబట్టి గాలి పక్కలనుంచి జారిపోతది, పట్టుకోడానికి దానికి మూల దొరకదు. 2018 తిత్లీ తుపానుకి మా వైపు రేకులు కాగితాల్లా లేచిపోయాయి.

బొబ్బిలి_అమ్మి:
వీలైతే చెన్నై దగ్గర ముట్టుకాడులో దక్షిణచిత్ర మ్యూజియం చూసి రండి. 1996లో తెరిచారు, పాత ఇళ్లు ఊళ్లలో విప్పి తెచ్చి మళ్లీ కట్టారు, మన కోస్తా చుట్టిల్లు కూడా ఉంది. స్వీడన్‌లో 1891లోనే స్కాన్సెన్ అని ఇలాంటిది పెట్టారు. మీరైతే ఇల్లు కదపక్కర్లేదు, అది పుట్టిన మట్టి మీదే ఉంది. ఒక్క మాట, కుంచానికి చీటీ అంటించి వదిలెయ్యకండి, నాలుగు మానికలు పోస్తే కుంచం నిండుతుందని చోళ్లు కొలిచి చూపించాలి. పొందూరులో వలుగ చేప దవడతో పత్తి దువ్వుతారు కదా, అది గాజుపెట్టెలో ఉంటే ఎముక ముక్కే, ఒకామె చేతిలో ఆడితేనే పనిముట్టు.

వంశధార_గట్టు:
అక్కా, అన్నా, చాలా థాంక్స్. తాటాకు ఇల్లు కప్పే తాత ఒకాయన ఉన్నారు, చెయ్యి వణుకుతుంది గానీ పక్కన కూచుని చెప్తానన్నారు, అంతా వీడియో తీస్తాను. నిన్న పొయ్యి వెలిగించాం. బాబాయి సంక్రాంతి దాకా ఆగుతానన్నాడు. ఇంత ఇంటికి తాటాకు ఎన్ని మోపులు పడతాయో, కొట్టాక ఎన్నాళ్లు ఆరబెట్టాలో తెలిసినోళ్లు చెప్పండి.