టేబుల్ సాపై నిలువు కోతలో చెక్క వెనక్కి ఎగిరి తగిలింది: పొరపాటు ఎక్కడ జరిగింది?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. చాలా ఏళ్ళు చేతి రంపంతో పని చేసి, ఆరు నెలల క్రితం 10 అంగుళాల బ్లేడు గల టేబుల్ సా (బల్ల మధ్యలోంచి పైకి వచ్చే గుండ్రటి బ్లేడు ఉన్న కోత మిషన్) కొనుక్కున్నాను. నిన్న మీటరు పొడవు, 40 మిల్లీమీటర్ల మందం గల పలకను, బ్లేడుకు పక్కన ఉండే అడ్డుపట్టీ అయిన ఫెన్స్‌కు ఆనించి నిలువునా చీలుస్తున్నాను. కోత సరిగ్గా పూర్తవుతుండగా మోటారు శబ్దం బరువెక్కింది, మరుక్షణంలో ఫెన్స్ వైపు ముక్క ఎగిరి వచ్చి నా పొట్టకు తగిలింది. ఆ దెబ్బ తగ్గిపోతుంది. నన్ను భయపెడుతున్నది వేరే విషయం: చెక్క పోగానే, దాన్ని తోస్తున్న నా కుడి చేయి ఖాళీ బల్ల మీద ముందుకు జారి, తిరుగుతున్న బ్లేడుకు రెండు అంగుళాల దూరంలో ఆగింది. అంతకు ముందు వారం గాడి కోయడానికి రివింగ్ నైఫ్ (బ్లేడు వెనక నిలబడే లోహపు రేకు) తీసి, మళ్ళీ బిగించలేదు. కారణం అదేనా, చెక్కలోనే లోపముందా, లేక నేను నిలబడిన తీరు తప్పా? ఇది తేలకుండా మళ్ళీ స్విచ్ వేయడానికి మనసు ఒప్పడం లేదు.

మొదటి సమాధానం:

మీ చేయి క్షేమంగా ఉన్నందుకు సంతోషం. బ్లేడు ముందు వైపు పళ్ళు చెక్కను బల్లకు అదుముతాయి, వెనక వైపు పళ్ళు మాత్రం బల్ల లోపలి నుంచి పైకి లేస్తూ మీ వైపు తిరుగుతాయి. చెక్క ఆ వెనక పళ్ళకు చిక్కితే, అవి దాన్ని ఎత్తి మీ మీదికి విసురుతాయి. నిమిషానికి 4000 చుట్లు తిరిగే 10 అంగుళాల బ్లేడు అంచు వేగం గంటకు సుమారు 190 కిలోమీటర్లు కనుక, అప్పుడు చేయి వెనక్కి తీసుకునే వ్యవధి ఎవరికీ ఉండదు.

చెక్క వెనక పళ్ళకు చిక్కడానికి సాధారణంగా రెండు కారణాలు ఉంటాయి. ఆరే దశలో చెక్కలో మిగిలిపోయిన బిగువు కోత పడగానే సడలి, రెండు ముక్కలూ ఒకదాని వైపు ఒకటి వంగి బ్లేడును నొక్కవచ్చు. మీ రెండు ముక్కలను పక్కపక్కన పెట్టి చూడండి, వంపు ఉంటే కంటికే తెలుస్తుంది. రెండవది ఫెన్స్. ప్లగ్గు పీకి, బ్లేడులో ఒక పన్నుకు సుద్దతో గుర్తు పెట్టి, అది ముందున్నప్పుడు ఒకసారి, చేత్తో తిప్పి వెనక్కి తెచ్చాక మరొకసారి ఫెన్స్ నుంచి దూరం కొలవండి. వెనక దూరం తక్కువైతే, చెక్కను మీరే ఇరుకులోకి తోస్తున్నారన్న మాట.

రివింగ్ నైఫ్ కోతలో నిలబడి, చెక్క మూసుకోకుండా, వెనక పళ్ళ వైపు జరగకుండా ఆపుతుంది. అందుకే దాని మందం బ్లేడు రేకు కంటే ఎక్కువగా, కోత వెడల్పు కంటే తక్కువగా ఉండాలి. సన్నని కోత బ్లేడు వేసినవారు తప్పక సరిచూసుకోవాలి. పైగా అది బ్లేడు శిఖరం కంటే కిందే ఉంటుంది కనుక, మామూలు బ్లేడుతో గాడి కోసేటప్పుడు దాన్ని తీయవలసిన పనే లేదు.

రెండవ సమాధానం:

పై మాటలన్నీ నిజమే, కానీ ఫెన్స్ సరిగా ఉన్నా మీ చేయి అక్కడ ఉండకూడదు. ఫెన్స్‌కు, బ్లేడుకు మధ్య 150 మిల్లీమీటర్ల కంటే తక్కువ చోటు ఉంటే నేను చేత్తో తోయను. సన్నని తోపుడు కర్ర చెక్కను వెనక నుంచి నెడుతుందే కానీ కిందికి అదమదు. అడుగున మడమ (చెక్క వెనక అంచును పట్టే చిన్న మెట్టు) ఉన్న వెడల్పాటి తోపుడు దిమ్మె రెండు పనులూ చేస్తుంది, ప్లైవుడ్ ముక్కతో మీరే చేసుకోవచ్చు. నిలబడేటప్పుడు బ్లేడు గీతకు ఎడమగా ఉండండి, ఎగిరిన ముక్క పక్కనుంచి పోతుంది. చేతి తొడుగులు వద్దు, పళ్ళు వాటిని పట్టి లాగితే చేయి కూడా వెంట పోతుంది. మోటారు శబ్దం బరువెక్కినప్పుడు చెక్కను వెనక్కి లాగకండి, కదలకుండా అదిమి పట్టి మోకాలితోనో ఎడమ చేతితోనో మిషన్ ఆపండి. ఆపే మీట మోకాలికి అందేంత కింద లేకపోతే, దాన్ని ముందు సరిచేయించండి.

అడ్డకోతలోనూ ఇదే ప్రమాదం ఉంది: చెక్కను అడ్డంగా పట్టి తోసే మైటర్ గేజ్‌తో తోస్తూ చెక్క కొసను ఫెన్స్‌కు ఆనించకండి, తెగిన ముక్క మధ్యలో ఇరుక్కుని ఎగురుతుంది.

మూడవ సమాధానం:

వేలు తగలగానే బ్లేడును ఆపే సాస్టాప్ మిషన్ల గురించి కూడా చెప్పాలి. స్టీవ్ గాస్ 1999లో రూపొందించిన ఆ పద్ధతిలో, శరీరం తగలడాన్ని విద్యుత్ సంకేతం గుర్తించగానే అల్యూమినియం బ్రేకు 5 మిల్లీసెకన్లలోపే బ్లేడును ఆపుతుంది. వేలు దక్కుతుంది, కానీ చెక్క ఎగరడాన్ని అది ఆపదు, కనుక అలాంటి మిషన్‌లోనూ రివింగ్ నైఫ్ ఉండవలసిందే.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. కొలిచి చూస్తే ఫెన్స్ వెనక వైపు దాదాపు ఒక మిల్లీమీటరు ఇరుకుగా ఉంది. రెండు ముక్కలను జత చేస్తే మధ్యలో బియ్యపు గింజ పట్టేంత సందు కనిపిస్తోంది, అంటే చెక్క కూడా వంగింది. ఫెన్స్ సరిచేసి, రివింగ్ నైఫ్ బిగించి, తోపుడు దిమ్మె చేసుకుని, ఎడమగా నిలబడి ఒక పలక చీల్చాను. కోత చివరి వరకు మోటారు శబ్దం మారలేదు.